ఫ్యాక్టరీ ఆవరణలో పడ్డ వాన: గోదావరి డెల్టాలో సీఎఫ్‌వో షరతులు ఎక్కడ తప్పుతున్నాయి

కాలుష్య నియంత్రణ మండలి అధికారి తనిఖీకి వచ్చినప్పుడు ఈటీపీ, అంటే మురుగు నీటి శుద్ధి ప్లాంటు, దగ్గరికి వెళ్లే ముందే ప్రహరీ గోడ వెంట ఒక చుట్టు తిరిగితే చాలు, ఆ యూనిట్ సంగతి సగం తెలిసిపోతుంది. ఎండ కాస్తున్న రోజున వాన నీటి కాలువలో నీరు పారుతోందంటే అది వాన నీరు కాదు. గోడ అడుగున నీరు పోవడానికి వదిలిన కన్నాల కింద నల్లటి చార ఉంటే ఊక బూడిద కొట్టుకుపోతున్నట్టు. జిడ్డు మెరుపుంటే డీజిల్ పంపో, వర్క్‌షాపో దగ్గర్లో ఉన్నట్టు. ఈటీపీ ఎంత బాగా నడుస్తున్నా ఈ మూడింటిలో ఏది కనిపించినా సమ్మతి షరతు తప్పినట్టే.

మన దేశంలో పరిశ్రమల వాన నీటికి విడిగా పర్మిట్ లేదు. అమెరికాలో ఉంది. అక్కడి స్వచ్ఛ జల చట్టానికి 1987లో చేసిన సవరణతో పరిశ్రమల ఆవరణ నుంచి పోయే వాన నీటికి ప్రత్యేక అనుమతి తప్పనిసరి అయింది. ఇక్కడ జల (కాలుష్య నివారణ, నియంత్రణ) చట్టం, 1974 కింద ఇచ్చే సమ్మతి పత్రాల్లోనే వాన నీటి సంగతి ఉంటుంది. యూనిట్ కట్టే ముందు తీసుకునేది సీఎఫ్‌ఈ, నడిపే ముందు తీసుకునేది సీఎఫ్‌వో. ఆంధ్రప్రదేశ్ మండలి ఇచ్చే సీఎఫ్‌వోకి షెడ్యూల్-ఎ, షెడ్యూల్-బి అని రెండు జతలుంటాయి. ఎ లోవి అందరికీ వర్తించే షరతులు, బి లోవి ఆ యూనిట్‌కే ప్రత్యేకంగా రాసినవి. వాన నీటి కాలువలు విడిగా ఉండాలి, మురుగుతో కలవకూడదు, నేల కడిగిన నీరు ఈటీపీకే పోవాలి అనే వాక్యాలు ఈ షెడ్యూళ్లలో ఒకటి రెండు వరుసల్లో ముగుస్తాయి. కొలతలుండవు, పద్ధతి ఉండదు. చాలా యూనిట్లు ఆ వరుసను చదివి పక్కన పెట్టేది అందుకే. డెల్టాలో అది కుదరదు. ఇక్కడి నేల, నీటిమట్టం, డ్రెయిన్ల తీరు ఆ ఒక్క వరుసను మొత్తం సీఎఫ్‌వోలో కెల్లా పాటించడానికి కష్టమైన షరతుగా మార్చేస్తాయి.

చట్టంలోని కొన్ని నిర్వచనాలు ముందు పట్టుకోవాలి. సెక్షన్ 2 ప్రకారం ప్రవాహం అంటే నది ఒక్కటే కాదు. పారుతున్నా ఎండిపోయి ఉన్నా సరే ప్రతి నీటి దారీ, సహజమైనా తవ్వినదైనా ప్రతి జలాశయమూ, భూగర్భ జలమూ, సముద్రపు ఆటుపోట్ల నీరూ అందులోకే వస్తాయి. అంటే వేసవిలో నెర్రెలిచ్చి ఉండే పంట బోదె కూడా ప్రవాహమే. కలుషిత పదార్థాన్ని అందులోకి తెలిసి వదలడాన్ని సెక్షన్ 24 నిషేధిస్తుంది. ఔట్‌లెట్ అన్న మాటకూ అంతే విస్తృతి ఉంది. పైపైనా, మూత ఉన్న కాలువైనా, తెరిచి ఉన్న కాలువైనా, కాలుష్యానికి కారణమయ్యే నిల్వ ఏర్పాటైనా ఔట్‌లెట్ కిందికే వస్తుంది. సెక్షన్ 25 ప్రకారం కొత్తది గానీ, మార్చినది గానీ, ఏ ఔట్‌లెట్‌నైనా వాడాలంటే ముందు సమ్మతి కావాలి. భారీ వానకు యార్డులో నీళ్లు నిలిచాయని జేసీబీతో ప్రహరీ గోడకు గండి కొట్టడం డెల్టాలో మామూలు. ఆ గండి చట్టం దృష్టిలో అనుమతి లేని కొత్త ఔట్‌లెట్. వాన తగ్గాక దాన్ని పూడ్చకుండా వదిలేస్తే తర్వాతి తనిఖీ నివేదికలో మొదటి వరుస అదే అవుతుంది.

ఇక ఆ నీరు ఎక్కడికి పోతుందన్నది. ధవళేశ్వరం దగ్గర 1852 నాటికి ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి డెల్టాలో రెండు వేర్వేరు నీటి దారులు నడుస్తున్నాయి. ఒకటి పంట కాలువ, రెండోది మురుగు డ్రెయిన్. పంట కాలువ మిట్ట మీద పోతుంది, డ్రెయిన్ పల్లంలో పోతుంది. కాలువ నీళ్లు పొలానికే కాదు, ఊళ్ల మంచినీటి చెరువులకు కూడా పోతాయి. వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఆ చెరువులన్నీ నింపుకుంటారు. కాబట్టి పంట కాలువలోకి పరిశ్రమ నీరు, అది శుద్ధి చేసినదైనా సరే, వదలకూడదన్నది పట్టువిడుపు లేని నియమంగా పెట్టుకోవాలి. మిగిలింది డ్రెయిన్. పశ్చిమాన ఎనమదుర్రు, గోస్తనీ, తూర్పున తుల్యభాగ, కోనసీమలో కౌశిక లాంటి పెద్ద డ్రెయిన్లూ, వాటిలో కలిసే చిన్న బోదెలూ. ఇవి జలవనరుల శాఖ పరిధిలోవి. డ్రెయిన్ గట్టు తవ్వి పైపు పెట్టడానికి ఆ శాఖ అనుమతి వేరే తీసుకోవాలి. సీఎఫ్‌వో ఉన్నంత మాత్రాన గట్టు తవ్వే హక్కు రాదు.

డ్రెయిన్ అన్నాం కదా అని దాన్ని మురికి దారిగా చూడటం కూడా తప్పే. అదే డ్రెయిన్ నీటిని దిగువన రొయ్యల చెరువులు, చేపల చెరువులు తోడుకుంటాయి. కాలువ చివరి భూముల్లో రైతులు సార్వా (ఖరీఫ్) నారుమళ్లకు ఇంజన్ పెట్టి ఎత్తుకుంటారు. ప్రాసెసింగ్ ప్లాంటు గేటు దగ్గర ట్రేలు కడిగిన క్లోరిన్ నీరు తొలకరి వానతో డ్రెయిన్‌లోకి జారితే రెండు కిలోమీటర్ల దిగువన చేప పిల్లలు తేలతాయి. సాధారణ ప్రమాణాల్లో మిగులు క్లోరిన్‌కు లీటరుకు 1 మిల్లీగ్రామే హద్దు. మిగతా ముఖ్యమైన హద్దులు, ఉపరితల జలాల్లోకి వదిలే నీటికి: పీహెచ్ 5.5 నుంచి 9, తేలియాడే ఘనపదార్థాలు 100, మూడు రోజుల బీవోడీ (మలినాలను సూక్ష్మజీవులు విరగ్గొట్టడానికి పట్టే ఆక్సిజన్) 30, సీవోడీ (వాటిని రసాయనంతో విరగ్గొట్టడానికి పట్టే ఆక్సిజన్) 250, నూనె-గ్రీజు 10, అమ్మోనియా నత్రజని 50, అన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో. యూనిట్ సీఎఫ్‌వోలో ఇంతకన్నా కఠినమైన అంకెలుంటే అవే చెల్లుతాయి.

వాన నీటిని పాడు చేసేది ఏమిటి

డెల్టాలో ఎక్కువగా కనిపించే బాయిల్డ్ రైస్ మిల్లు సంగతే చూద్దాం. మిల్లు యజమాని దృష్టి అంతా ధాన్యం నానబెట్టిన నీటి మీద ఉంటుంది, ఎందుకంటే వాసన వచ్చేది అదే, ఫిర్యాదు వచ్చేదీ దాని మీదే. బాయిలర్ వెనక పోసిన ఊక బూడిద మీద ఎవరి చూపూ పడదు. బూడిద చాలా తేలిక, అందులో బరువు రేణువులు అడుగుకు పోతే సన్న రేణువులు నీటి మీద తెట్టులా తేలుతూ పోతాయి. అడుగున పట్టే ఇసుక గుంట పెట్టి దాన్ని ఆపాలనుకుంటే ఆగదు. నీటి మట్టం కింద నుంచి మాత్రమే బయటికి పోయే అడ్డుగోడ ఉంటే గానీ పై తెట్టు నిలవదు. ఇంకో చిక్కు కాలానిది. సార్వా ధాన్యం నవంబరు, డిసెంబరుల్లో మిల్లుకు వస్తుంది. బూడిద కుప్ప పెద్దదయ్యేది అప్పుడే. తుఫాన్ల కాలమూ అదే. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుఫానూ, 2018 డిసెంబరు 17న కాట్రేనికోన దగ్గర తీరం దాటిన పెథాయ్ కూడా సరిగ్గా ఈ నెలల్లోనే వచ్చాయి. ఏడాదిలో బూడిద అతి తక్కువగా ఉండాల్సిన నెలలో అతి ఎక్కువగా ఉంటుంది. బూడిద ఎత్తించే కాంట్రాక్టు కుదుర్చుకునేటప్పుడు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వారానికి ఎన్ని లోడ్లు ఎత్తాలో అందులోనే రాయించుకోవడం ఏ యంత్రం కన్నా ఎక్కువ పని చేస్తుంది.

రొయ్యల ప్రాసెసింగ్‌లో తలకాయలు, పెంకులు పోసే చోటు, లారీల నుంచి కారే ఐసు నీరు. ఆక్వా మేత తయారీలో బస్తాలు చిరిగి యార్డులో పడ్డ చేపపొడి, తవుడు. కోనసీమ కొబ్బరి పీచు యూనిట్లలో ఆరుబయట పోసిన పొట్టు. పొట్టు మీద వాన పడితే టీ డికాక్షన్ రంగు నీరు దిగుతుంది, అది నాలుగు రోజుల వానకు కూడా తగ్గదు. చక్కెర మిల్లుల్లో ఫిల్టర్ మడ్డి, మొలాసిస్ ట్యాంకు చుట్టూ కారిన జిగురు. కాకినాడ వైపు నూనె రిఫైనరీలు, ఎరువుల గోదాముల దగ్గర లారీ ఎక్కించే ప్లాట్‌ఫారం. యూరియా గింజలు నాలుగు బస్తాలు చెల్లాచెదురై వానకు కరిగినా అమ్మోనియా లెక్క మారిపోతుంది.

ట్యాంకుల చుట్టూ కట్టిన గోడ, అంటే డైకు, ప్రత్యేకంగా చూడాలి. ట్యాంకు పగిలితే అందులోని సరుకు మొత్తం పట్టేలా, పైన వానకు కూడా చోటు ఉండేలా ఆ గోడ ఎత్తు ఉండాలి. దాని అడుగున వాన నీరు వదలడానికి ఒక వాల్వ్ ఉంటుంది. చాలాచోట్ల అది తెరిచే ఉంటుంది, ఎందుకంటే ప్రతి వానకూ ఎవరో వెళ్లి తిప్పాలి. తెరిచి ఉన్న వాల్వ్‌తో డైకు ఉన్నా లేనట్టే. వాల్వ్ గోడ బయటి వైపు ఉండాలి, గొలుసు వేసి తాళం పెట్టాలి, తాళం షిఫ్ట్ ఇన్‌చార్జి దగ్గర ఉండాలి. నీటి మీద జిడ్డు లేదని చూశాకే తెరవాలి, తెరిచిన సమయం, మూసిన సమయం, చూసినవారి సంతకం పుస్తకంలో పడాలి. జిడ్డు ఉంటే ఆ నీరు ఈటీపీకి. మరిచిపోయే చోటు ఒక్కటే: రాత్రి వానకు తెరిచి పొద్దున్నే మూయకపోవడం.

పది నిమిషాల లెక్క

పర్యావరణ పరిరక్షణ నియమాలు, 1986 కింద ఎలక్ట్రోప్లేటింగ్, సేంద్రియ రసాయనాల తయారీ లాంటి కొన్ని రంగాలకు ఇచ్చిన ప్రమాణాల్లో వాన నీటికి స్పష్టమైన కొలత ఉంది. 200 చదరపు మీటర్లకు తగ్గని స్థలమున్న యూనిట్‌లో వాన నీరు మురుగుతో గానీ, స్క్రబ్బర్ (పొగను కడిగే పరికరం) నీటితో గానీ, నేల కడిగిన నీటితో గానీ కలవకూడదు. అది వేరే కాలువలో పోయి, హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు పరిచిన గుంట గుండా వెళ్లాలి. ఆ గుంట గంట సగటు వానలో పది నిమిషాల వానను పట్టాలి. రైస్ మిల్లుకో రొయ్యల ప్లాంటుకో ఈ వాక్యం నేరుగా వర్తించకపోవచ్చు. అయినా కొలత లేని షరతును ఎలా పాటించాలో తెలియని చోట ఇదే మంచి కొలబద్ద.

రెండెకరాల యార్డు, అంటే సుమారు 8,100 చదరపు మీటర్లు, మొత్తం సిమెంటు అనుకుందాం. గంటకు 60 మిల్లీమీటర్ల జోరుతో వాన పడితే పది నిమిషాల్లో 10 మిల్లీమీటర్లు. పడ్డ దాంట్లో తొంభై శాతం పారుతుందనుకుంటే సుమారు 73 కిలోలీటర్లు. ఆ సమయంలో కాలువలో ప్రవాహం సెకనుకు దాదాపు 120 లీటర్లు. గుంట కట్టడం వరకూ చాలామంది బాగానే లెక్క వేస్తారు. ఖాళీ చేయడం దగ్గర లెక్క తప్పుతుంది. ఈటీపీ సామర్థ్యం రోజుకు 50 కిలోలీటర్లు, ఉత్పత్తి నుంచి వచ్చేదే 40 అయితే మిగిలేది 10. గుంటలోని 73 కిలోలీటర్లు పోవడానికి వారం దాటుతుంది. అక్టోబరులో వారం పాటు వాన రాకుండా ఉంటుందా? రెండో వాన వచ్చేసరికి గుంట నిండే ఉంటుంది, మురికి నీరు నేరుగా డ్రెయిన్‌లోకి పోతుంది. అలా కట్టిన గుంట తనిఖీకి చూపించడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

రెండో లెక్క ఇంకా గట్టిది. వాతావరణ శాఖ లెక్కలో రోజుకు 204.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితే అత్యంత భారీ వర్షం. అంత వానకు ఇదే రెండెకరాల నుంచి సుమారు 1,490 కిలోలీటర్లు పారుతుంది, గుంటకు ఇరవై రెట్లు. అంటే గుంట పట్టేది మొదటి మురికిని మాత్రమే. ఆ తర్వాత వచ్చేదంతా బయటికే పోతుంది, పోయి తీరుతుంది. అది శుభ్రంగా ఉండాలంటే నేల శుభ్రంగా ఉండాలి. వాన పడ్డాక శుద్ధి చేద్దామన్న ఆలోచనే డెల్టాలో పని చేయదు. వాన తడపకుండా చూడటమే పద్ధతి.

అందుకే గుంట కన్నా ముందు కప్పు. బూడిద పోసే చోటు, లారీ ఎక్కించే చోటు, వ్యర్థాలు పోసే చోటు కలిపి 800 చదరపు మీటర్లే అయితే, వాటి చుట్టూ అరడుగు గట్టు కట్టి మిగతా యార్డు నీరు అటు రాకుండా మళ్లిస్తే, మురికి నీటి లెక్క 73 నుంచి దాదాపు 7 కిలోలీటర్లకు దిగుతుంది. అది ఏ ఈటీపీ అయినా ఒక్క రోజులో తీసుకోగలదు. రేకుల షెడ్డు వేసి కప్పేస్తే అదీ ఉండదు. షెడ్డు కప్పు నీటిని మాత్రం విడి పైపులో తీసుకెళ్లాలి. చూరు నీరు కుప్ప పక్కనే పడి దాని కిందకే చేరడం షెడ్డు వేసిన చాలాచోట్ల జరిగే పొరపాటు. పైన చెప్పిన రంగాల యూనిట్లకు మాత్రం గుంట తప్పదు, షెడ్డు వేశామని దాన్ని వదిలేయడానికి వీల్లేదు.

గుంట నిర్మాణంలో ఒక్క సూక్ష్మం. నిండాక వచ్చే నీరు వేగంగా గుంట మధ్యగా పారితే అడుగున పేరుకున్న బురదను లేపి మొత్తం పట్టుకుపోతుంది. నీరు దిగే చోట వేగం చచ్చేలా అడ్డుగోడ, బయటికి పోయే చోట పై తెట్టు ఆగేలా కిందికి వంచిన టీ పైపు ఉండాలి. బురద మూడో వంతు లోతుకు చేరగానే తీయాలి. నూనె కలిసే యార్డులో డిటర్జెంట్‌తో నేల కడగడం మానాలి, సబ్బుతో విరిగిన నూనె ఏ టీ పైపు దగ్గరా ఆగదు.

డెల్టా నేల పెట్టే చిక్కు

మెట్ట ప్రాంతంలో ఈ కథ ఇక్కడితో అయిపోయేది. డెల్టాలో భూమి పళ్లెంలా చదును, వానాకాలంలో భూగర్భ నీరు ఒకటి రెండు మీటర్ల లోతులోనే దొరుకుతుంది. ఈ రెండూ కలిసి డ్రాయింగ్‌లో బాగున్న ఏర్పాటును నేల మీద పాడు చేస్తాయి.

కాలువ వాలు చూడండి. 300 మీటర్లకు ఒక మీటరు వాలు పెడితే 150 మీటర్ల పొడవు కాలువ చివర అర మీటరు లోతెక్కువ అవుతుంది. కాలువ లోతు ఇంకో అర మీటరు. అంటే గోడ దగ్గరకు వచ్చేసరికి కాలువ అడుగు నేల మట్టానికి మీటరు కింద. సార్వాలో డ్రెయిన్ నీటిమట్టం అంతకన్నా పైనే ఉంటుంది. గుర్రపు డెక్క, తూడు అల్లుకుంటే మరో రెండు మూడడుగులు లేస్తుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న డ్రెయిన్లలో పోటు సమయంలో నీరు వెనక్కి తంతుంది. అప్పుడు ఔట్‌లెట్ నుంచి నీరు బయటికి పోదు, డ్రెయిన్ నీరే లోపలికి వస్తుంది, మొదటి మురికిని పట్టాల్సిన గుంటను అది నింపేస్తుంది. వాలు తగ్గించుకుంటే ఇసుక, బూడిద కాలువలోనే పేరుకుంటాయి.

ఔట్‌లెట్‌కు ఫ్లాప్ గేటు పెట్టాలి, బయటి నీరు నెడితే మూసుకునేది. దాని అంచుకు చెత్త అడ్డుపడితే మూసుకోదు కాబట్టి లోపలి వైపు ఇనుప జాలీ, పక్కన చేత్తో దించే షట్టర్ కూడా ఉండాలి. గేటు మూసుకున్నాక యార్డులో నీటికి దారి లేదు, ఎత్తి పోయాలి. పై లెక్కలోని సెకనుకు 120 లీటర్లను నాలుగు మీటర్లు ఎత్తడానికి పది పన్నెండు హెచ్‌పీ పడుతుంది. ఒక్క పెద్ద మోటారు కన్నా 5 హెచ్‌పీవి మూడు మేలు. ఒకటి చెడితే రెండు నడుస్తాయి. తుఫాను రాత్రి కరెంటు ఉండదు. పొలాల్లో వాడే ఆయిల్ ఇంజన్ ఒకటి సిద్ధంగా, ప్యానెల్ బోర్డు గత వరద గుర్తుకు రెండడుగులు పైన ఉండాలి. జనరేటర్ ఎత్తులో పెట్టి, స్టార్టర్ బోర్డును సంపు గోడకే బిగించిన చోట్లు తక్కువేం కాదు.

గుంటకు ఇంకో ప్రమాదం ఉంది. భూగర్భ నీటి మట్టం గుంట అడుగుకు ఒక మీటరు పైన ఉంటే ప్రతి చదరపు మీటరు మీదా కింద నుంచి వెయ్యి కిలోల ఒత్తిడి పడుతుంది. ముప్పై సెంటీమీటర్ల కాంక్రీటు పలక బరువు చదరపు మీటరుకు 750 కిలోలే. అంటే ఖాళీ గుంట పైకి లేస్తుంది, గోడ మూలల్లో పగుళ్లిస్తుంది. హెచ్‌డీపీఈ షీటు ఒక్కటే పరిచిన గుంట అయితే తోడేసిన మర్నాటికే షీటు బుడగలా ఉబ్బి అతుకుల దగ్గర చినుగుతుంది. ఆ తర్వాత లోపలి మురికి భూగర్భంలోకి, భూగర్భ నీరు గుంటలోకి. గుంట ఎప్పుడూ ఖాళీ కాకపోవడానికి కారణం పంపు కాదు, ఈ ఊట నీరని కనిపెట్టడానికి కొందరికి రెండు సీజన్లు పడుతుంది. లోతు ఒక మీటరు లోపు ఉంచి వైశాల్యం పెంచడం, కాంక్రీటు పలకను గోడ బయటికి అరమీటరు పొడిగించి దాని మీద మట్టి బరువు పడేలా చేయడం, షీటు కింద ఇసుక పొరలో కన్నాల పైపు పెట్టి ఊట నీటిని వేరే సంపులోకి తీయడం నమ్మదగ్గ పద్ధతులు. వీటన్నిటికీ మే నెల అదను. అప్పుడు కాలువలు కట్టేసి ఉంటాయి, నీటిమట్టం అడుగంటి ఉంటుంది. జూన్ దాటితే తవ్విన గొయ్యిలో నీరు తోడటమే పని.

అదే మే నెలలో ఇంకో పరీక్ష కూడా చేయాలి. సీఎఫ్‌ఈ నాటి ప్లాను, ఇప్పుడున్న యార్డు ఒకటి కావు. మధ్యలో షెడ్డు పెరిగింది, బాయిలర్ మారింది, ఎవరో ఒక పైపు కలిపారు. ప్రతి వాష్ బేసిన్, ప్రతి నేల జాలీలోనూ రంగు నీళ్లు పోసి అవి ఎక్కడ తేలతాయో చూడాలి. వాన కాలువలో తేలిన ప్రతి రంగూ ఒక ఉల్లంఘన. కొత్త ప్లాను గీసి, వాన కాలువలకు ఒక రంగు, మురుగు లైన్లకు ఇంకో రంగు వేసి, ఔట్‌లెట్లకు నంబర్లిచ్చి, దాన్నే మండలికి ఇచ్చిన ప్లానుతో సరిపోల్చాలి. తేడా ఉంటే ముందే తెలియజేయడం మంచిది.

నమూనా, రికార్డు

వాన నీటిని ఎప్పుడు, ఎలా పరీక్షించాలో మన సీఎఫ్‌వో ఎక్కువ చెప్పదు. అమెరికా పర్యావరణ సంస్థ 2021లో ఇచ్చిన బహుళ రంగాల అనుమతి ఈ విషయంలో వివరంగా ఉంది, ఆ పద్ధతిని ఇక్కడ తెచ్చుకోవడంలో తప్పులేదు. కనీసం 72 గంటల పొడి విరామం తర్వాత పడ్డ వానలో, నీరు బయటికి పారడం మొదలైన మొదటి 30 నిమిషాల్లో నమూనా తీస్తారు. మూడు నెలలకోసారి గాజు సీసాలో పట్టి కంటితో చూస్తారు: రంగు, వాసన, తేట, తేలేవి, అడుగుకు దిగేవి, నురుగు, జిడ్డు మెరుపు. ఖర్చు లేని పరీక్ష ఇది, చెప్పేది మాత్రం చాలా. అక్కడ ఘనపదార్థాలకు 100, సీవోడీకి 120 మిల్లీగ్రాములు సూచిక అంకెలు; వాటిని దాటడం దానంతట అదే ఉల్లంఘన కాదు, దాటాక సరిదిద్దుకోకపోవడం ఉల్లంఘన. ఇక్కడ అలా కాదు. సీఎఫ్‌వో హద్దు దాటితే దాటినట్టే.

డెల్టాలో నమూనా ఫ్లాప్ గేటుకు లోపలి వైపే తీయాలి. బయటి వైపు తీస్తే అది డ్రెయిన్ నీరు అవుతుంది, ఎగువనున్న ఊరి మురుగు లెక్క యూనిట్ ఖాతాలో పడుతుంది. అదే సమయంలో ఔట్‌లెట్‌కు ఎగువన డ్రెయిన్ నుంచి కూడా ఒక సీసా పట్టి ఉంచాలి, తర్వాత వాదన వస్తే అదే ఆధారం. నూనె-గ్రీజుకు గాజు సీసా, ఆ నీటితో తొలిచి పారబోయకూడదు, గోడలకు నూనె అంటుకుని అంకె మారుతుంది; పీహెచ్ 2 కన్నా తగ్గేలా ఆమ్లం కలపాలి. సీవోడీకి సల్ఫ్యూరిక్ ఆమ్లం. బీవోడీ నమూనాను ఆమ్లం లేకుండా ఐసులో పెట్టి అదే రోజు ల్యాబుకు చేర్చాలి. పీహెచ్ అక్కడికక్కడే చూడాలి.

మండలి అధికారి స్వయంగా నమూనా తీస్తే సెక్షన్ 21లో చెప్పిన క్రమం ఉంది. నోటీసు ఇవ్వాలి, యూనిట్ ప్రతినిధి ముందు నమూనాను రెండు భాగాలు చేసి సీలు వేయాలి, ఇద్దరూ సంతకం చేయాలి. రెండో భాగాన్ని రాష్ట్ర ప్రయోగశాలకు పంపమని అడిగే హక్కు యూనిట్‌కు ఉంది. ఆ సమయంలో గేటు దగ్గర ఎవరూ లేకుండా తప్పించుకోవడం వల్ల ఈ హక్కే పోతుంది, ఇంకేమీ కలిసిరాదు.

రికార్డులో మొదటిది వాన. ఆవరణలో మామూలు రెయిన్ గేజ్ ఒకటి పెట్టి రోజూ పొద్దున్న 8.30కి, వాతావరణ శాఖ కొలిచే సమయానికే, అంకె రాయాలి. దాని పక్కనే ఔట్‌లెట్ షట్టర్ తెరిచిన, మూసిన సమయాలు, గుంటలో మట్టం, ఈటీపీకి తోడిన కిలోలీటర్లు. వాన పడని రోజున షట్టర్ తెరిచినట్టు పుస్తకమే చెబితే అది కూడా బయటపడుతుంది. పుస్తకం నిజంగా రాయాలన్నది అందుకే. ఏటా సెప్టెంబరు 30లోగా ఇచ్చే ఫారం-5 పర్యావరణ నివేదికలో ఈ అంకెలు పనికొస్తాయి. నూనె వేరు చేసే గుంట నుంచి తీసిన జిడ్డు ప్రమాదకర వ్యర్థం కిందికి రావచ్చు. 2016 నియమాల ప్రకారం అలాంటివి 90 రోజులకు మించి ఆవరణలో ఉంచకూడదు, ఏటి లెక్క ఫారం-4లో జూన్ 30లోగా ఇవ్వాలి.

తప్పితే ఎంత? కేంద్ర మండలి సూత్రం ప్రకారం పర్యావరణ పరిహారం రోజుల లెక్కన పెరుగుతుంది: కాలుష్య సూచిక, రోజులు, రూపాయి గుణకం, యూనిట్ స్థాయి, ప్రాంతం వీటన్నిటినీ హెచ్చవేస్తారు. ఆరెంజ్ తరగతి (కాలుష్య తీవ్రతలో రెడ్ తర్వాతిది) చిన్న యూనిట్‌కు సూచిక 50, గుణకం 250, స్థాయి 0.5, ప్రాంతం 1 వేసుకుంటే రోజుకు 6,250 రూపాయలు. నెల రోజులు సరిదిద్దకపోతే 1,87,500. 800 చదరపు మీటర్ల మురికి చోటు చుట్టూ గట్టు కట్టి, నీటిని మళ్లించే పనిని ఈ అంకె పక్కన పెట్టి చూసుకోవాలి. సమ్మతి నిరాకరణ, రద్దు ఉత్తర్వుల మీద సెక్షన్ 28 కింద అప్పీలుకు గడువు ఉత్తర్వు అందిన నాటి నుంచి 30 రోజులు.

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు పని వేరు. వాన మొదలయ్యే ముందే గుంట, సంపు ఖాళీ చేయాలి. షీటు పరిచిన గుంట అయితే పూర్తిగా కాదు, అడుగున అర మీటరు నీరు ఉంచి తోడాలి. బూడిద, పొట్టు కుప్పల మీద టార్పాలిన్ వేసి అంచుల మీద ఇసుక బస్తాలు పెట్టాలి, గాలికి లేచే టార్పాలిన్ వల్ల ఏ ప్రయోజనం లేదు. డైకు వాల్వులన్నీ మూసి తాళాలు చూడాలి. నేల మీదున్న డ్రమ్ములు, క్లోరిన్ డబ్బాలు అరుగు మీదికి ఎత్తాలి. ఉత్పత్తిని తగ్గించి ఈటీపీ ట్యాంకుల్లో వీలైనంత చోటు మిగుల్చుకోవాలి. అన్నీ చేశాక కూడా గట్టు తెగి, ట్యాంకు పొంగి మురికి డ్రెయిన్‌లో పడితే సెక్షన్ 31 ప్రకారం యూనిట్ బాధ్యుడు వెంటనే మండలికి తెలియజేయాలి. ఫోను చేసి ఊరుకోకుండా ఎంత పోయింది, ఏం పోయింది, ఎన్ని గంటలకు, ఏ డ్రెయిన్‌లోకి అన్నది అదే రోజు రాతపూర్వకంగా పంపాలి. దిగువన తూముల దగ్గర నీళ్లు తోడుకునే చెరువుల వాళ్లకూ, పంచాయతీకీ అంతకన్నా ముందే కబురు వెళ్లాలి, వాళ్లు ఇంజన్లు ఆపుకోవడానికి గంట సమయం దొరికినా చాలు.